ఇల్లు కొనేముందు ఫైర్ క్లాస్ ఎంతో అడగండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఇళ్ల కొనుగోలు గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో స్కూల్ రేటింగ్ ఉంటుంది, వడ్డీ రేటు ఉంటుంది, వాస్తు కూడా ఉంటుంది. ఆ ఇంటికి నిప్పంటుకుంటే ఫైరింజన్ ఎంత దూరం నుంచి రావాలో, నీళ్లెక్కడ దొరుకుతాయో ఎవరూ రాయరు. ఇక్కడ టెక్సాస్‌లో సిటీ హద్దులు దాటి కొత్త కాలనీల్లో ఇళ్లు కొంటున్న మనవాళ్లు చాలామంది. ఈ సంగతి వాళ్ల ఇన్సూరెన్స్ బిల్లుతో ముడిపడి ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఇన్సూరెన్స్ సర్వీసెస్ ఆఫీస్ (ఐఎస్‌ఓ) అనే సంస్థ ఇక్కడ ఊరూరి అగ్నిమాపక ఏర్పాట్లనూ పరిశీలించి 1 నుంచి 10 దాకా ఫైర్ క్లాస్ ఇస్తుంది. 1 అన్నిటికన్నా మెరుగు. 10 అంటే కనీస ప్రమాణం కూడా అందలేదని. మొత్తం 105.5 మార్కుల్లో బండ్లు, సిబ్బంది, శిక్షణ వగైరాలకు 50, నీటి సరఫరాకు 40 ఉంటాయి. డల్లాస్ దగ్గరున్న ఫ్రిస్కో లాంటి ఊరికి క్లాస్ 1 ఉంది. అయితే ఊరికి మంచి క్లాస్ ఉన్నంత మాత్రాన ప్రతి ఇంటికీ అదే రాదు. ఫైర్ స్టేషన్ రోడ్డు దారిన 5 మైళ్లలోపు, హైడ్రెంట్ (ఫైరింజన్లకు నీళ్లిచ్చే వీధి కొళాయి) 1000 అడుగులలోపు ఉండాలి. హైడ్రెంట్ దూరమైతే అంతకన్నా నాసి క్లాస్ వర్తిస్తుంది. స్టేషనే 5 మైళ్లు దాటితే సాధారణంగా 10 కిందే లెక్క. అలాంటి ఇంటికి ప్రీమియం బాగా పెరుగుతుంది, కొన్ని కంపెనీలైతే పాలసీయే ఇవ్వవు.

అన్ని కంపెనీలూ ఈ క్లాస్‌నే చూస్తాయని కాదు. సొంత లెక్కలు వేసుకునేవీ ఉన్నాయి. పైగా టెక్సాస్‌లో ప్రీమియంలు మండిపోవడానికి పెద్ద కారణం వడగళ్లు, గాలివానలు. వాటిని మనం ఆపలేం. ఫైర్ క్లాస్ మాత్రం మనుషుల చేతిలో ఉన్నది.

మా కొత్త కాలనీలో మా ఇంటికే క్లాస్ 10 వేసి పాలసీ పంపారు. ఇంటి ముందు రోడ్డు మీద నీలం రంగు రిఫ్లెక్టర్ రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగులో మెరుస్తుంటుంది. పక్కనే హైడ్రెంట్ ఉందని ఫైర్ సిబ్బందికి అది గుర్తు. మా వీధి కొత్తది కావడంతో కంపెనీ రికార్డుల్లోకి ఎక్కలేదట! స్టేషన్ ఎంత దూరమో, హైడ్రెంట్ ఎక్కడుందో ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లతో రాయించి పంపాక క్లాస్ మార్చారు, ప్రీమియం తగ్గింది. మేం కాగితాలు చదివాం కాబట్టి సరిపోయింది. ఇన్సూరెన్స్ డబ్బు నెలనెలా లోన్ కంతుతో కలిసి ఎస్క్రో ఖాతాలోంచి పోతుంటే పాలసీ కాగితాలు ఎంతమంది తెరిచి చూస్తారు? ఇదే కాలనీ వెనక ఫేజ్‌లో హైడ్రెంట్లకు ఇంకా నల్ల ప్లాస్టిక్ సంచులు తొడిగే ఉన్నాయి. అంటే అవి ఇంకా పనిచేయడం లేదు. అక్కడ ఇళ్లు మాత్రం చకచకా బుక్ అవుతున్నాయి.

ఇంకో మాట. సిటీ పరిధిలో లేని చాలా కాలనీలకు ఫైర్ సర్వీస్ ఇచ్చేది ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్. మన ఆస్తి పన్నులోంచి ప్రతి 100 డాలర్ల విలువకు గరిష్ఠంగా 10 సెంట్లు దానికి వెళ్లొచ్చు. కొత్త స్టేషన్ ఎక్కడ కట్టాలి, జీతం మీద ఎంతమందిని పెట్టుకోవాలి అన్నది దాని బోర్డు తేలుస్తుంది. పిలిస్తే వచ్చే వలంటీర్లు ముగ్గురుంటేగానీ డ్యూటీలో ఉన్న ఒక్కరితో సమానంగా ఐఎస్‌ఓ లెక్కవేయదు. కాబట్టి ఆ బోర్డు నిర్ణయాలు నేరుగా మన క్లాస్ మీద పడతాయి. ఆ మీటింగులు అందరికీ తెరిచే ఉంటాయి, కానీ మనవాళ్లు కనబడరు. ఓటు లేదు కదా అంటారు. ఓటు పౌరులకే గానీ, వెళ్లి మాట్లాడటానికి ఏ వీసా అడ్డం రాదు. పన్ను కడుతున్నది మనమూను. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) మీటింగులో కంచె రంగు గురించి గంటసేపు వాదించే ఓపిక ఉన్నవాళ్లం, దీనికి నెలకో సాయంత్రం కేటాయించలేమా?

ఇక్కడి తెలుగు సంఘాలకు నా మనవి ఒకటే. ఇళ్ల కొనుగోలు మీద పెట్టే సదస్సులకు లోన్ ఏజెంట్లతో పాటు స్థానిక ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లనూ పిలవండి, అడిగితే వస్తారు. ఊళ్లో పొలమో ప్లాటో అమ్మి పిల్లలకు డౌన్ పేమెంట్ పంపుతున్న తల్లిదండ్రులు మీ పత్రిక చదువుతారు. బుకింగ్ డబ్బు కట్టేముందు ఆ అడ్రసుకు ఫైర్ క్లాస్ ఎంతో కనుక్కోమని వాళ్లయినా పిల్లలకు ఒకసారి ఫోన్ చేసి చెప్పాలని కోరుకుంటున్నాను.

ఇట్లు
ఒక పాఠకుడు, ఆస్టిన్, టెక్సాస్