మెట్ట కబుర్లు, నైజర్ మాట

రాజాం దగ్గర, ఆషాఢ బహుళ పంచమి

చి.ల.సౌ. భారతికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నెల్లాళ్లుగా నీ ఫోను లేకపోయినా, విత్తుల అదనులో పరిశోధన క్షేత్రం వదిలి రాలేకపోతున్నావని అనుకున్నాం. ఈ ఉత్తరం అందుకోసం కాదు. మెట్టలో వేరుశనగ వేశాం, చోడి నారు పోశాం. నువ్వు ఇచ్చిన గ్లిరిసిడియా (పచ్చిరొట్ట ఎరువు చెట్టు) కొమ్మలు గట్టున ముప్పై ఏడు బతికాయి. వాటిని నడుమెత్తున నరికి ఆకంతా దుక్కిలో కలిపించాను. ఎండుటాకులో నూటికి 3 వంతుల దాకా నత్రజని ఉంటుందని మీ పెదనాన్నతో అంటే, యూరియాలో 46 వంతులుండగా ఈ మూడింటికి ఇంత చాకిరీ ఎందుకన్నాడు. యూరియా మట్టికి కర్బనం ఇవ్వదని, మన భూసార కార్డులో సేంద్రియ కర్బనం 0.5 శాతం కూడా లేదని చూపించబోతే, కళ్లజోడు తెచ్చుకోలేదన్నాడు.

మొన్న పాలకొండ చినమామ వచ్చి, నువ్వు పరిశోధన కొలువు మీద మూడేళ్లు ఆఫ్రికాలోని నైజర్ దేశం వెళ్తున్నావట కదా అని కాఫీ తాగుతూ అనేశాడు. చెరుగుతున్న మీ అమ్మ చేట అలాగే ఆగిపోయింది. నేను మాత్రం ముందే తెలిసినట్టు తల ఊపాను.

నీ పని విలువ నేను ఎరగనివాడిని కాను. నువ్వు తొమ్మిదో తరగతిలో ఉండగా, బేరగాడి మాట నమ్మి ఉత్తరపు గట్టు మీది కానుగలు కొట్టించి నీలగిరి పెట్టించాను కదా. నువ్వు ఇంటరు రెండో ఏడాదికి వచ్చేసరికి గట్టు పక్క వేరుశనగ జానెడు దాటలేదు. చెట్టు నీడ అంతేనని తాతయ్య తేల్చేశాడు. నువ్వు అమ్మ కుట్టుమిషను టేపు పట్టుకుని సాలు సాలుకూ మొక్క ఎత్తు కొలిచి, నీడ పడని దక్షిణపు సాళ్లలోనూ అదే పొట్టి ఉందని నోటుపుస్తకంలో రాసుకున్నావు. తరువాత గట్టు దగ్గర ఒక మొక్కను, చేను నడుమ ఒక మొక్కను పీకి, వేళ్లకున్న బుడిపెలను గోటితో చిదిమి నా అరచేతిలో పెట్టావు. చేను నడుమదానివి లోపల లేత ఎరుపు. గట్టుదానివి పాలిపోయి ఎండినట్టున్నాయి. ఎరుపున్న బుడిపే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుందని, నీరు చాలకపోతే ఆ పని సాగదని చెప్పావు. ఆ నీటిని నీలగిరి వేళ్లే లాగేస్తున్నాయని, గట్టు వెంట నడుము లోతు కందకం తవ్వించమని మంకు పట్టావు. తవ్వితే చిటికెన వేలి లావున నీలగిరి వేళ్లు చేలోకి పాకి ఉన్నాయి. అవి తెగిన మరుసటి ఏడు ఆ సాళ్లు కొంత తేరుకున్నాయి. తాతయ్య ఒప్పుకోలేదు గాని, కందకం పూడకుండా చూసుకున్నది ఆయనే.

ఆ నైజర్ సంగతులు పక్కింటి కుర్రాడి చేత సెల్లులో చూపించుకున్నాను, ఊరికే. నియామే నగరానికి దగ్గరలో సదోరే అనే చోట ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) కేంద్రం ఉందట. నేల ఇసుక, భాస్వరం బహు తక్కువ. వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మనకు వెయ్యి దాటి పడుతున్నా ఏడుస్తున్నాం. వానలు మొదలవగానే ఆకు రాల్చి వానలు లేని కాలంలో చిగిర్చే ఫైదర్బియా చెట్టు కింద సజ్జ నీడ బాధ లేకుండా పెరుగుతుందని చదివి ముచ్చటపడ్డాను. మన నీలగిరికి ఆ బుద్ధి లేకపోయింది. 2023 జులైలో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసిన సంగతి కూడా ఆ సెల్లులోనే ఉంది.

హితబోధ చేయకూడదనే మొదలుపెట్టాను. అయినా ఒక మాట అడుగుతాను. ఆ ఫైదర్బియా చెట్టు నేలకు మేలు చేసే ఈడుకు రావడానికి పది పదిహేనేళ్ల పైమాటే అయినప్పుడు, మూడేళ్ల కొలువులో నువ్వు తేల్చేదేమిటి? ఎవరో నాటిన చెట్ల కింద మట్టి తీసి పరీక్షిస్తానంటావేమో. అలాగైతే మన ఊరి కానుగల కింద మట్టిని ఎవరు పరీక్షించారు? వెళ్లవద్దని నేను అనడం లేదు. ఇంటి సంగతి చినమామ నోట వినవలసి వచ్చినందుకే నా బాధ.

ఎండలో తల మీద బట్ట లేకుండా క్షేత్రానికి వెళ్లకు. వెళ్లడమే నిజమైతే, యెల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలట; కార్డు పాస్‌పోర్టుతో పాటే పెట్టుకో. మీ అమ్మ చోడిపిండి, ఉలవలు, ఆవకాయ మూట కట్టింది. దాని మీద ఏ అడ్రసు వ్రాయాలో తెలియక నాలుగు రోజులుగా అరుగు మీదే ఉంచాం.

మీ నాన్న