పొడి ఆడించే మిషన్లో ముందు ఏం ఆడించారో కూడా లేబుల్ మీద రాయించండి

ఆంధ్రప్రదేశ్ ఆహార భద్రతా కమిషనర్ గారికి,

నమస్కారమండి. మాది కోనసీమ, రావులపాలెం దగ్గర పల్లె. మా అబ్బాయికి ఏడేళ్లు. వేరుశనగ పడదు. దద్దుర్లతో పోయేది కాదు. పెదాలు వాచి, గొంతు బిగుసుకుని, ఊపిరి అందదు.

కిందటి సంక్రాంతికి ఒక కందిపొడి ప్యాకెట్ కొన్నాం. వెనక రాసింది రెండుసార్లు చదివాను: కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు. వేడన్నంలో నెయ్యేసి రెండు ముద్దలు పెట్టానో లేదో, వాడు మెడ పట్టుకున్నాడు. ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేసి, వాడు తేరుకునేదాకా వాడి చెయ్యి వదల్లేదు నేను. తర్వాత ఆ పొడి చేసేచోటికి వెళ్లి అడిగాను. ఆవిడ దాచలేదు. "పొద్దున ఆ మిషన్లోనే వేరుశనగ గుళ్ళు ఆడించామమ్మా, గుడ్డతో తుడిచాం" అంది. ఆవిడ మీద కోపం లేదు నాకు. ఆ తుడుపు చాలదని ఆవిడకెవరూ చెప్పలేదు.

2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం వేరుశనగ, జీడిపప్పు, పాలు, గుడ్డు, చేప, రొయ్య, సోయా, గోధుమ లాంటివి కలిపితే ఆ సంగతి విడిగా రాసి తీరాలి. మిషన్ నుంచి అంటుకునే వీలుంటే మాత్రం "ఉండవచ్చు" అని రాయొచ్చు, అంతే. రాయకపోయినా తప్పు లేదు. అమెరికాలో 2023 నుంచి లేబుల్ మీద తప్పనిసరైన నువ్వులు మన జాబితాలోనే లేవు.

మిషన్ నుంచి అంటుకునే సంగతి రాయడం తప్పనిసరి చేయమని ఢిల్లీలోని కేంద్ర ఆహార భద్రతా సంస్థకు రాయండి. అయితే అన్నిటి మీదా గుడ్డిగా "ఉండవచ్చు" కొట్టేస్తే మావాడికి కొనడానికి ఏమీ మిగలదు. అందుకే ముందు కడగడం నేర్పించండి. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు, మా పొడులు చాలావరకు ఇళ్లలోనో చిన్న షెడ్లలోనో తయారవుతాయి. వేరుశనగను రోజు చివర్లో ఆడించాలి. తర్వాత జార్, బ్లేడు, వాషరు విప్పి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. వేయిస్తే పోతుందనుకుంటారు, పోదు. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ "ఇందులో ఇంతకుముందు ఏం ఆడించారు?" అని అడిగితే చాలు, అందరికీ గుర్తుంటుంది.

విడి స్వీట్ల ట్రే ముందు ఎప్పటిలోగా తినాలో రాయాలని 2020 అక్టోబరు నుంచి నిబంధన ఉంది కదండీ. వేరుశనగ లాంటివి అంటుకునే వీలుందో లేదో చెప్పడానికి ఆ చీటీ మీదే ఇంకో లైను పడుతుంది.

ఆ కందిపొడి ప్యాకెట్ ఇంకా నా దగ్గరే ఉంది, కవర్లో కట్టి దాచాను. రమ్మంటే తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక తల్లి, కోనసీమ