తేమ తేలితేనే తరుగు ఆగుతుంది

సంపాదకుల వారికి,

శేషాచలం పక్క పల్లెల పేరు పత్రికకెక్కిందంటే చాలాసార్లు అది ఎర్రచందనం వార్తే. 2015 ఏప్రిల్ 7న ఈ కొండల్లో పోలీసు కాల్పులకు చనిపోయిన 20 మందీ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. దుంగ మోస్తే కూలి అప్పటికప్పుడు చేతికొచ్చి, చింతపండు మోస్తే అప్పు మాత్రం మిగిలే చోట మనుషులు ఎటు మొగ్గుతారో ఊహించడం కష్టం కాదు. అడవిని నమ్ముకున్న యానాది, సుగాలి, ఎరుకల కుటుంబాలకు కొండ ఇచ్చేది తక్కువేమీ కాదు. తేనె, చింతపండు, ఉసిరి, సీకాయ, కుంకుడు, సీతాఫలం ఏడాది పొడవునా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఆదాయం పోతున్నది కొండ మీద కాదు. సరుకు కొండ దిగాక కాటా ఎక్కేలోపు పోతోంది. ఆ కాస్త దూరం గురించే ఈ ఉత్తరం.

ముందు తేనె సంగతి. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. పెద్ద పెర నుంచి తీసిన కొండతేనెలో తేమ చాలాసార్లు అంతకంటే ఎక్కువే ఉంటుంది. 20 దాటిన తేనెలో సహజంగా ఉండే ఈస్టు పని మొదలుపెడుతుంది. నురగ తేలి, పులిసిన వాసన వచ్చి, బిగించిన డబ్బా మూత ఉబ్బుతుంది. ఇది కల్తీ కాదు, తేమ తప్పు. కొనేవాడు మాత్రం కల్తీ అని పేరు పెట్టి ధర సగానికి దించుతాడు. అమ్మేవాళ్ల చేతిలో కొలత లేదు కాబట్టి ఎదురు మాట్లాడలేరు.

ఆ కొలతకు కావలసింది రిఫ్రాక్టోమీటర్ అనే చేతిలో ఇమిడే గొట్టం. రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. పండ్ల రసానికి, చెరకు రసానికి వాడే 0 నుంచి 32 బ్రిక్స్ (తీపిని కొలిచే అంకె) గొట్టం చవక కదా అని కొంటారు. అందులో తేనె పెడితే గీత కనిపించనే కనిపించదు. తేనెకు 58 నుంచి 90 బ్రిక్స్ వరకు చూపేది, పక్కనే తేమ శాతం గీతలు ఉన్నది కావాలి. కొలతను 20 డిగ్రీల వేడికి సరిచేసి తయారుచేస్తారు కాబట్టి, మన ఎండలకు వేడి తేడాను తనంతట తానే సర్దుకునే రకమే తీసుకోవాలి. గాజు పలక మీద రెండు చుక్కలు వేసి మూత వాల్చాలి. బుడగ లేకుండా చూసుకుని, అర నిమిషం ఆగి వెలుతురుకు ఎదురుగా పట్టాలి. నీలం, తెలుపు కలిసే గీత దగ్గర ఉన్న అంకే తేమ. గీత మసకగా ఉంటే తేనె పేరుకుని గడ్డకట్టిందనో, మైనం నలక పడిందనో అర్థం. తుడిచి మళ్లీ వేయాలి. చదువు రాని మనిషికి కూడా ఒక పూటలో నేర్పవచ్చు. 20 దగ్గర ఎర్ర సిరాతో గీత గీసిన బొమ్మ ఒకటి గోడకు అంటిస్తే చాలు.

తేమ ఎక్కువ వచ్చిందని తేనెను పొయ్యి మీద పెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఎక్కువ వేడి తగిలితే హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. దాని హద్దు కిలోకు 80 మిల్లీగ్రాములు. అది దాటిందంటే ల్యాబ్ పరీక్షలో సరుకు మొత్తం పోయినట్టే. గాలి చొరబడని చిన్న గదిలో వెడల్పాటి స్టీలు పళ్లాల్లో పలచగా పోసి, గాలిలో తేమను లాగే యంత్రం పెట్టి, 40 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే తేమ నెమ్మదిగా దిగుతుంది. ఒక లెక్క ముందే చెప్పుకోవాలి. 24 శాతం తేమ ఉన్న 100 కిలోల తేనెను 20 శాతానికి దించితే 95 కిలోలే మిగులుతుంది, ఎందుకంటే 5 కిలోలు నీళ్లు. ఈ లెక్క సేకరించినవాళ్లందరి ముందు ఒకసారి చేసి చూపకపోతే, సంఘం కాటాలో దగా ఉందనే మాట పుడుతుంది. సంఘాలు విరిగిపోయేది ఇలాంటి 5 కిలోల దగ్గరే.

అసలు మందు పెర దగ్గరే ఉంది. పెద్ద పెరలో తేనె గది ఒక పక్కన, పై మూలన, కొమ్మకు ఆనుకుని లావుగా ఉంటుంది. కిందిదంతా పిల్ల గది. మైనం మూత వేసిన తేనె గదిని మాత్రమే కోసి, పిల్ల గదిని కొమ్మకే వదిలేస్తే ఈగలు మళ్లీ కడతాయి. మూత వేయని గదుల్లోది పచ్చి తేనె, తేమంతా అందులోనే. పెర మొత్తం దించి గుడ్డలో వేసి పిండితే పిల్లల రసం, పుప్పొడి కలిసి తేనె తొందరగా పులుస్తుంది, మరుసటి ఏడాదికి ఈగ ఉండదు. పిండొద్దు, నైలాన్ గుడ్డ మీద పెట్టి కారనివ్వాలి. జింకు పూత రేకు డబ్బాలు, పాత రంగుల డబ్బాలు వద్దు. తేనెలో ఉన్న ఆమ్లం ఆ పూతను కరిగిస్తుంది. స్టీలు క్యాను అయితే మంచిది, లేదంటే ఆహారానికి వాడే ప్లాస్టిక్కు. నిండా పోయాలి, ఖాళీ వదలకూడదు.

ఇక చింతపండు. సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది దాటేదాకా సాగే ఈ పనిలో మొదటి దెబ్బ గుత్త. చెట్టు పూతలో ఉండగానే వ్యాపారి బయానా ఇస్తాడు. కాయ రాలేసరికి ధర అతను చెప్పిందే. రెండో దెబ్బ వాన. ఫిబ్రవరి, మార్చిలో అదను కాని వాన ఒక్కటి పడినా, నేల మీద ఆరబోసిన పండు నల్లబడి బూజు పడుతుంది. ఈ అకాల వానలను వాతావరణ మార్పు అనండి, కలికాలం అనండి, లెక్కలో వేసుకుని పనిచేయక తప్పదు.

కాయను పొడవాటి గడలతో బాదితే పూత పట్టే చిన్న రెమ్మలు విరుగుతాయి. ఆపై ఏడాది కాపు పడిపోతుంది. కొమ్మను ఊపి రాలిన కాయనే ఏరాలి. పొట్టు పెళుసుగా అయి, తడితే డొల్ల చప్పుడు వచ్చేదే పండిన కాయ. రాలిన కాయను రోజుల తరబడి నేల మీద వదిలితే పెంకు పురుగు గుడ్లు పెడుతుంది. అదే పురుగు వేరుశనగనూ తొలుస్తుంది. కాబట్టి ఒకే గదిలో శనక్కాయల మూటలు, చింతకాయల మూటలు కలిపి పెట్టడం మన జిల్లాలో మామూలే అయినా మానుకోవాల్సిన అలవాటు.

ఎండబెట్టడానికి కట్టెలతో గూడు కట్టి, ఎండకు చెడని 200 మైక్రాన్ల పాలిథిన్ కప్పితే చాలు. కింద గాలి లోపలికి రావడానికి, పైన ఆవిరి పోవడానికి దారి ఉండాలి. పై దారి మరిచి గూడును అన్ని వైపులా మూసేసిన చోట, తెల్లారేసరికి పాలిథిన్ లోపలి వైపు చెమట పట్టి చుక్కలు పండు మీద పడతాయి. ఆ పండు బయట ఆరబోసిన దానికంటే ముందే బూజు పడుతుంది. రెండంగుళాల కంటే మందంగా పోయకుండా, పూటకోసారి తిరగేయాలి. మధ్యాహ్నం గూడు లోపల వేడి మరీ పెరిగితే పక్క తెరలు ఎత్తాలి, లేదంటే రంగు నల్లబడుతుంది. చింతపండు ధర రంగును బట్టే.

గింజ తీస్తే లాభమని అందరూ చెబుతారు. లెక్క వేసి చూడాలి. చింతకాయలో స్థూలంగా 55 శాతం గుజ్జు, 34 శాతం గింజ, మిగతా 11 శాతం పొట్టు, ఈనెలు. పొట్టు తీసిన 100 కిలోల పండులో గింజ తీస్తే దాదాపు 62 కిలోలు వస్తుంది. 2020 మేలో కేంద్రం సవరించిన మద్దతు ధరల్లో గింజతో ఉన్నదానికి కిలో 36 రూపాయలు, గింజ తీసినదానికి 63. అంటే గింజతో అమ్మితే 3,600, గింజ తీసి అమ్మితే 3,906. తేడా 306 రూపాయలు. 100 కిలోలు కొట్టి గింజ తీయడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆ పని చేసే ఆడవాళ్లను అడిగితే చెబుతారు. కాబట్టి గింజను పారేయకుండా 38 కిలోలకూ విడిగా ధర పలికించినప్పుడే ఆ కూలి గిడుతుంది. ఆ గింజ పప్పు పొడిని బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికి కొంటారు. వేయించి పొట్టు తీసిన పప్పుకు ఇంకా ధర. మద్దతు ధర నిర్ణయించేవాళ్లు ఈ కూలిని లెక్కలోకి తీసుకోవాలని మా విన్నపం.

దీనికంటే పెద్ద లాభం ఆగగలగడంలో ఉంది. మార్చిలో అందరి పండూ ఒకేసారి సంతకొస్తుంది. వర్షాకాలంలో అమ్మేది కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్న వ్యాపారి మాత్రమే. రైతుకు మార్కెట్ కమిటీల్లో పంట తాకట్టు మీద రుణం ఇచ్చే పద్ధతి ఉంది. చింతపండు ఏరుకొచ్చే కుటుంబానికి భూమి పాసుపుస్తకం లేదు కాబట్టి ఆ గుమ్మం ఎక్కలేదు. గిడ్డంగి రసీదు సంఘం పేరు మీద రాసి, దాని మీద రుణం ఇవ్వడానికి పాసుపుస్తకంతో పనేముంది? ఇది జిల్లా స్థాయిలో తేల్చగల విషయం. అటవీ ఉత్పత్తులను శుద్ధి చేసి అమ్ముకునే గిరిజన సంఘాలైన వన్ ధన్ కేంద్రాలకు 300 మంది సభ్యులకు 15 లక్షల రూపాయల దాకా ఇచ్చే పథకం 2018 నుంచి ఉంది. అలాంటి డబ్బు వచ్చిన చోట ముందుగా ప్యాకింగ్ యంత్రం కొనడం తప్పని మా అభిప్రాయం. కాటా, రిఫ్రాక్టోమీటర్, స్టీలు క్యాన్లు, ఆరబెట్టే గూడు కొన్నాక మిగిలినదంతా సరుకు కొనే రోజు సేకరించినవాళ్ల చేతిలో నగదు పెట్టడానికి ఉంచాలి. నగదు ఇవ్వలేని సంఘం దగ్గరికి సరుకు రాదు. బయానా ఇచ్చినవాడి దగ్గరికే పోతుంది.

ఇప్పుడు కాగితం. చిత్తూరు, తిరుపతి జిల్లాలు ఏజెన్సీ కాదు కదా, ఇక్కడ అటవీ హక్కులేమిటి అనే మాట తరచూ వినిపిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టానికి ఏజెన్సీ సరిహద్దుతో సంబంధం లేదు. ఆ చట్టం అటవీ భూమి అన్నప్పుడు అభయారణ్యాలను, జాతీయ పార్కులను కూడా కలిపే చెప్పింది. చిన్న తరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే యాజమాన్య హక్కు సెక్షన్ 3(1)(సి)లో ఉంది. తేనె, చింతపండు, వెదురు అన్నీ అందులోకే వస్తాయి. ఎర్రచందనం రాదు, అది కలప.

ఇంటి పట్టాకు, సాగు పట్టాకు ఫారం ఏ వేస్తారు. అది చాలామందికి తెలుసు. ఊరంతా కలిసి వేయాల్సిన ఫారం బి గురించి తెలిసినవాళ్లు తక్కువ. కొండ మీద ఏ కోన నుంచి ఏ వంక దాకా ఏరుకుంటారో అందులో రాయాలి. గ్రామసభలో సగం మందికి తగ్గకుండా హాజరు ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది. అందులో మూడింట రెండొంతులు గిరిజనులు, మూడో వంతు మహిళలు. రుజువులు కనీసం రెండు. పెద్దల వాంగ్మూలం రాసి సంతకాలు పెట్టిస్తే అదొక రుజువు. తరచూ దెబ్బతినేది రెండు చోట్ల. హాజరు పట్టీలో సంతకాలు తక్కువపడి తీర్మానం చెల్లదనడం ఒకటి. వంక పేరు, బండ పేరు, దారి పేరు లేకుండా ‘అడవి మొత్తం’ అని రాయడం రెండోది. గీసిన పటం ఒకటి, చేత్తో గీసిందైనా సరే, జత చేయాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. 60 రోజుల్లో పైస్థాయికి అర్జీ పెట్టుకోవచ్చు. హక్కు వచ్చాక సరుకు రవాణా అనుమతి పత్రం ఇచ్చే అధికారం 2012 సవరణ నిబంధనల ప్రకారం గ్రామసభ కమిటీదే. ఆ పత్రం ఉంటే చెక్‌పోస్టు దగ్గర బస్తా దించమనే ప్రశ్న రాదు.

కొండ మీద నీటి పనులపై ఒక్క మాట. వాన నీరు ఇంకడానికి తవ్వే కందకాలు సమతల రేఖ వెంబడి, అంటే వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో, ఉండాలి. రెండు కట్టెలు, ఒక అడ్డ కర్ర, ఒక తాడు, ఒక రాయితో చేసే ఏ-ఫ్రేమ్ చాలు రేఖ గుర్తించడానికి. కంటి అంచనాతో తవ్విన కందకంలో నీళ్లన్నీ పల్లపు కొసకు చేరి గట్టు తెగి, లేని వాగు పుడుతుంది. తవ్విన మట్టి పల్లపు వైపే వేయాలి, ఎగువన వేస్తే తొలి వానకే తిరిగి కందకంలోకి వస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానే మనకు పెద్ద ఆధారం కనుక, ఈ పని సెప్టెంబరు లోపు ముగియాలి. ఎండాకాలం మంటలను ఆపే దారులు మాత్రం జనవరిలో, గడ్డి ఎండక ముందే చెక్కాలి. కాలిన కొండ మీద ఆ ఏడాది పువ్వూ ఉండదు, పెరా ఉండదు.

ఫారం బి తీర్మానాలకు గ్రామసభలు సంక్రాంతి లోపే జరిపించాలని రెండు జిల్లాల కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. ఆ తర్వాత కాయ ఏరడానికి పోయినవాళ్లు పొద్దుగూకితే గానీ కొండ దిగరు, కోరం నిండదు.

ఇట్లు,
అటవీ ఉత్పత్తుల సేకరణ సంఘాలతో పనిచేసే కొందరం,
తిరుపతి