మన లాన్ కార్తీకం దాకా మూసి ఉంటుంది

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మన ఫంక్షన్ హాలు వెనక ఉన్న లాన్‌ని కార్తీకం వచ్చేదాకా మూసేస్తున్నాం. శ్రావణ ముహూర్తాలకి లాన్ బుక్ చేసుకున్న ఐదు కుటుంబాలకీ ఫోన్ చేసి చెప్పాను. మిగతావాళ్లకీ కారణం తెలియాలి.

జ్యేష్ఠంలో జరిగిన రిసెప్షన్‌కి మీలో చాలామంది వచ్చారు. ఆ మధ్యాహ్నం గంటసేపు వాన పడింది. సాయంత్రానికి పైపైన ఆరినట్టే ఉంది. భోజనాల వేళకి పెళ్లికొడుకు నాయనమ్మగారి కుర్చీ వెనక కాళ్లు రెండూ బెత్తెడు లోతుకి దిగబడిపోయాయి. పక్కనున్న మనవడు పట్టుకోబట్టి సరిపోయింది. ఆవిడ ‘పర్లేదు బాబూ’ అన్నారు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు నాది. నిరుడు ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుని, చదరపు అడుగుకి అందరికంటే తక్కువ చెప్పినాయనకి పని ఇచ్చాను. ఒడియాలో రాసుకున్న కాగితంలో గడ్డి రకం, మొక్కల లెక్క అన్నీ ఉన్నాయి. మట్టి దగ్గర మాత్రం ‘భల మాటి’, అంటే మంచి మట్టి అని రెండే మాటలు. ఎక్కడి మట్టి, ఎన్ని అంగుళాలు, నీరు ఎటు పోవాలి అన్నది నేను అడగలేదు. ఆయన పల్లపు పొలం నుంచి బంకమట్టి తోలించి, చదును చేసి, దానిమీద గడ్డి చాపలు పరిచేశారు. వరిమడిలో నీరు నిలవాలి, లాన్‌లో నిలవకూడదు.

ఆ మట్టితోపాటు తుంగ కూడా వచ్చింది. ఆకు పట్టుకుని లాగితే ఆకే చేతికొస్తుంది, అడుగున నల్లటి గడ్డ ఉండిపోయి మళ్లీ మొలుస్తుంది. ఆ గడ్డ నుంచి దారంలాంటి వేరు సాగి ఇంకో గడ్డ వేస్తుంది. మొన్న ఒక మూల చాపంత మేర గునపంతో తవ్వించి ఏరితే దోసెడు గడ్డలు వచ్చాయి. మందు కొట్టిద్దామన్నారు. పిల్లలు చెప్పుల్లేకుండా పరుగెత్తే చోటు, నాకు మనసొప్పలేదు. మొత్తం మట్టి తీయించేస్తున్నాం.

ఈసారి వచ్చిన కాంట్రాక్టర్ గడ్డి సంగతి ఎత్తకముందే, వాన నీరు ఇప్పుడు ఎక్కడ నిలుస్తోందని అడిగారు. ట్యూబులో నీళ్లు పోసి నాలుగు మూలలా లెవెల్ చూశారు. గోడ వైపుకి వంద అడుగులకి ఒక అడుగు వాలు, అక్కడ గులకరాళ్లలో చిల్లుల పైపు, పైన ఏటి ఇసుక, మాగిన గత్తం (పశువుల ఎరువు) కలిపిన ఎర్రమట్టి. ఇవన్నీ కొలతలతో సహా కాగితం మీదున్నాయి. గడ్డి పరిచే ముందు ఒక ట్యాంకర్ నీళ్లు వదిలి చూస్తాం, నీరు నిలిస్తే ఆ కిస్తీ ఇవ్వను. చివరి కిస్తీ మూడు నెలల తర్వాతే. ఆలోగా చచ్చిన మొక్కలకి బదులు ఆయనే వేయాలి.

గోడ పొడుగునా కోనోకార్పస్ వేద్దామని కొందరన్నారు. త్వరగా పెరిగి పచ్చగా కమ్ముకుంటుంది, నిజమే. కానీ దాని వేళ్లు పైపుల్లోకి చొరబడతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని నిషేధించింది కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి మన ఆవరణలో గుల్‌మొహర్లు రెండూ వేళ్లతో సహా పడిపోయాయి, వేప మాత్రం కొమ్మలు విరిగినా నిలబడింది. అందుకే ఆ వేపని కదపకుండా, దాని వరసలో పొగడ, కానుగ పెట్టిస్తున్నాను. నీడకి నాలుగైదేళ్లు ఆగాలి.

శ్రావణంలో పెళ్లిళ్లున్నవాళ్లకి లోపలి హాలు ఇస్తాం, లాన్ అద్దె తీసుకోం. లోపల చాలదనుకుంటే అడ్వాన్సు మొత్తం అదే రోజు తిరిగి ఇచ్చేస్తాం, మొహమాటపడొద్దు. జ్యేష్ఠంలో రిసెప్షన్ చేసినవాళ్లకి లాన్ అద్దె ఇప్పటికే తిరిగి ఇచ్చేశాం.

మట్టి ట్రాక్టర్లు వెనక గేటు నుంచే వస్తాయి, ముందున్న పార్కింగ్‌కి ఇబ్బంది ఉండదు. ట్యాంకర్ నీళ్లు వదిలే రోజు ముందుగా చెబుతాను. లాన్ బుక్ చేసుకోవాలనుకునేవాళ్లు ఆ రోజు వచ్చి కళ్లారా చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.