నాన్న సేవకు వచ్చే చదువు సాయం: కూతురికి ఒక తల్లి ఉత్తరం

దేవరకొండ,
24 అక్టోబరు 2025.

చిరంజీవి శ్రావణికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను, తమ్ముడు, నానమ్మ క్షేమంగా ఉన్నాము.

సైనిక కుటుంబాల పిల్లల చదువుకు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టనని, నాన్న చనిపోయినందుకు ఇచ్చే డబ్బుతో చదువుకోవడానికి మనసొప్పడం లేదని నిన్న ఫోనులో చెప్పావు. "ఆర్మీ కోటాలో సీటు వచ్చింది, వాళ్ల నాన్న యుద్ధంలో కూడా చనిపోలేదట" అని నీ తరగతిలో ఎవరో అన్న మాట నిన్ను ఎంత బాధపెట్టిందో నీ గొంతులోనే తెలిసింది. ఇది ఫోనులో తేలే విషయం కాదు. పైగా దరఖాస్తుకు గడువు ఉంది గనుక, నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను. నిదానంగా చదువు బిడ్డా.

ముందు సీటు సంగతి. మన తెలంగాణలో ఇంజనీరింగ్ ప్రవేశాలలో సైనికుల పిల్లలకు రెండు శాతం సీట్లు కేటాయించారు. కౌన్సెలింగ్‌లో అందరూ క్యాప్ అనేది దాన్నే. ఆ సీటుకైనా ఎప్‌సెట్ రాయాలి, ర్యాంకు రావాలి, కాగితాలన్నీ పరిశీలనలో నిలబడాలి. అందులోనూ యుద్ధంలో అమరులైన వారి పిల్లలను, యుద్ధంలో గాయపడి వికలాంగులైన వారి పిల్లలను ముందు చూస్తారు. కాబట్టి నీ పేరు పిలిచేసరికి నీకంటే ముందు ఉండవలసినవారు ముందే ఉన్నారు. నువ్వు ఎవరి సీటూ లాక్కోలేదు. రాత్రి పన్నెండింటి దాకా లెక్కలు చేసుకుంటూ కూర్చున్న పిల్లవు నువ్వే కదా, ఆ ర్యాంకు కోటా ఇచ్చినది కాదు.

ఇక యుద్ధంలో చనిపోలేదన్న మాట. మీ నాన్న ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు. సిక్కిం కొండల మీద మంచు పడి దారులు మూసుకుపోయేలోపు పై పోస్టులలో ఉన్నవారికి చలికాలం మొత్తానికి సరిపడా గోధుమపిండి, పప్పు, కిరోసిన్, మందుగుండు చేరవేయాలి. ఒక పక్క కొండ, మరో పక్క లోయ, లారీ పట్టేంత దారి మాత్రమే. ఆ పోస్టులో తుపాకి పట్టుకొని నిలబడే మనిషికి రాత్రి రొట్టె దొరకాలంటే మీ నాన్న లాంటివారు ఆ దారిలో బండి నడపవలసిందే. అటువంటి ఒక ప్రయాణంలోనే బండి లోయలోకి జారింది. సైన్యంలో ఇటువంటి మరణం జరిగితే ఊరికే రాసి పక్కన పెట్టరు. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ పెట్టి, ఆ రోజు ఆ మనిషి ఏ పని మీద ఉన్నాడు, ఎవరి ఆదేశం మీద వెళ్లాడు, తప్పు ఎవరిది అని సాక్షులను విచారించి తేలుస్తారు. మీ నాన్న మరణం సైనిక సేవ కారణంగానే సంభవించిందని అందులో తేలింది. అందుకే మనకు మామూలు కుటుంబ పింఛను కాకుండా స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ వస్తున్నది. శత్రువుతో పోరాడుతూ చనిపోయినవారి కుటుంబాలకు వచ్చేది లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, అది ఇంకా ఎక్కువ. ఆ తేడా న్యాయమేనని నేను మొదటి నుంచీ అనుకుంటున్నాను. అయితే రెండో వరుసలో ఉన్నంత మాత్రాన మీ నాన్న త్యాగం లేకుండా పోలేదు.

డల్లాస్‌లో ఉన్న మీ మేనమామతో ఈ మాటే అంటే, ఆయన అక్కడి పద్ధతి చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల కాలేజీ చదువు కోసం అమెరికా ప్రభుత్వం 1944లోనే జీఐ బిల్లు అనే చట్టం చేసింది. తరువాత 2008లో దానికి కొత్త రూపం ఇచ్చారు. 2001 సెప్టెంబరు 10 తరువాత విధి నిర్వహణలో చనిపోయిన సైనికుల పిల్లలకు, భార్య లేదా భర్తకు, 36 నెలల వరకు ఫీజు కట్టే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరితే ఆ రాష్ట్రపు విద్యార్థులకు ఉండే ఫీజు మొత్తం కడతారు, ఇంటి అద్దెకు, పుస్తకాలకు కూడా కొంత ఇస్తారు. దాన్ని ఇరాక్‌లో చనిపోయిన జాన్ డేవిడ్ ఫ్రై అనే సైనికుడి పేరుతో పిలుస్తారు. చనిపోయింది తూటా తగిలా, బండి బోల్తాపడా అని అక్కడ అడగరు. డ్యూటీలో ఉన్నాడా లేడా అన్నదే చూస్తారు. విధి నిర్వహణలో ప్రాణం కోల్పోయిన పోలీసుల పిల్లలకు, అగ్నిమాపక సిబ్బంది పిల్లలకు కూడా అక్కడి కేంద్ర ప్రభుత్వమే చదువు సాయం చేస్తుంది. అంత సంపన్న దేశంలో ఆ పిల్లలు ఆ డబ్బు తీసుకొని తలెత్తుకొని చదువుకుంటున్నారు. నువ్వెందుకు తలదించుకోవాలి?

ఈ డబ్బు ఎక్కడిదో కూడా నీకు తెలియాలి. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు జాతీయ రక్షణ నిధిని ఏర్పాటు చేశారు. ఆ రోజులలో దేశమంతటా ఆడవాళ్లు మెడలోని బంగారం తీసి ఇచ్చారని పెద్దలు చెబుతారు. ఆ నిధి ఇప్పటికీ జనం తమంతట తాము ఇచ్చే విరాళాలతోనే నడుస్తున్నది. సైనికుల, వారి కుటుంబాల సంక్షేమం కోసమే దాన్ని వాడుతారు, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వచ్చేది అందులో నుంచే. అదే విధంగా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుగుతుంది కదా, 1949 నుంచి జరుగుతున్న ఆ పతాక దినపు నిధి నుంచే తమ్ముడికి చదువు గ్రాంటు వస్తున్నది. హవల్దారు, అంతకు తక్కువ ర్యాంకువారి పిల్లలలో ఇద్దరి వరకు నెలకు 1,000 రూపాయలు ఉండేది, ఈ నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు 2,000 చేశారు. నేను పనిచేసే బడిలో ప్రతి ఏడూ ఆ చిన్న కాగితపు జెండాలు పంచుతాము. కూలికి పోయే తల్లి పంపిన పది రూపాయల నోటు మడత విప్పి డబ్బాలో వేసి, జెండాను గుండుసూదితో చొక్కాకు పెట్టించుకొని, రోజంతా అది నలగకుండా చూసుకునే పిల్లలు ఉన్నారు. నువ్వు వద్దన్నది అటువంటివారు ఇచ్చిన డబ్బును. వాళ్లు జాలిపడి ఇవ్వలేదు. తమ కోసం కొండల మీద కాపలా ఉన్నవాడి ఇల్లు కుంగిపోకూడదని ఇచ్చారు.

నేనూ ఆ ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ తీసుకొని చదివినదాన్ని గనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. అది పిల్లలకే కాక సైనికుల భార్యలకు కూడా వర్తిస్తుంది. నాన్న పోయిన తరువాత బీఎడ్ చదవమని మీ చిన్నాయన పట్టుబట్టినప్పుడు ఆడవారికి నెలకు 2,250 రూపాయలు ఇచ్చేవారు. ఆ డబ్బుతో ఫీజు కట్టాను, ఆ చదువుతో ఉద్యోగం వచ్చింది, ఆ జీతంతో నిన్ను హైదరాబాదు పంపించాను. వితంతువు చదువేమిటని అప్పుడు ఈ ఊళ్లో నలుగురూ నాలుగు మాటలు అన్నారు. నేను వాటికి జవాబు చెప్పలేదు, పరీక్షలు రాశాను.

2019లో ఈ మొత్తాన్ని అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలకు పెంచారు. అంటే నీకు ఏడాదికి 36,000, నాలుగేళ్ల బీటెక్‌కు 1,44,000 రూపాయలు. దేశం మొత్తం మీద మాజీ సైనికుల కుటుంబాల నుంచి ఏటా 5,500 మందికి ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకే. ఇంటర్‌లో 60 శాతం మార్కులు ఉండాలి, నీకు అంతకంటే చాలా ఎక్కువ ఉన్నాయి. ఎంపికలో కూడా వరుస ఉంది: యుద్ధంలో చనిపోయినవారి పిల్లలు మొదటి వరుస, యుద్ధంలో వికలాంగులైనవారి పిల్లలు రెండో వరుస, సేవ కారణంగా చనిపోయినవారి పిల్లలు మూడో వరుస. నువ్వు మూడో వరుసలో వస్తావు. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది: ఈ దరఖాస్తు మొదటి సంవత్సరంలోనే పెట్టాలి. రెండో సంవత్సరంలో మనసు మారి పెడతానన్నా తీసుకోరు. ఈ ఏడు వదులుకుంటే నాలుగేళ్లూ వదులుకున్నట్టే. మంజూరైన తరువాత ప్రతి సంవత్సరం కనీసం 50 శాతం మార్కులు తెచ్చుకుంటేనే కొనసాగుతుంది గనుక, సాయంత్రాలు ఎక్కడో పని చేసి హాస్టల్ ఖర్చులు సంపాదిస్తానన్న ఆలోచన మానుకో. ఆ గంటలు చదువుకు కావాలి.

మన చుట్టూ ఇటువంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఆలోచించు. 2020 జూన్‌లో చైనా సరిహద్దులోని గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు వీరమరణం పొందినప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్ల రూపాయలు ఇవ్వడమే కాక, ఆయనతోపాటు చనిపోయిన మిగతా 19 మంది కుటుంబాలకు కూడా తలా 10 లక్షలు ప్రకటించింది. అవి ఇతర రాష్ట్రాల కుటుంబాలని చూడలేదు. అంతకుముందు 2015 ఏప్రిల్ మొదటి వారంలో అదే సూర్యాపేట బస్టాండులో రాత్రి తనిఖీ చేస్తుండగా ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు కాల్పులలో చనిపోయారు. ఆ దుండగులనే వెంబడించి జానకీపురం దగ్గర ఎదుర్కొన్నప్పుడు మరో కానిస్టేబులు అక్కడే ప్రాణం విడిచాడు, తూటాలు తగిలిన ఎస్ఐ కొద్ది రోజులకు ఆసుపత్రిలో కన్నుమూశాడు. అప్పటికి రాష్ట్ర పోలీసుల పిల్లలు ఈ ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకంలో లేరు. 2019 మే 31న కేంద్ర మంత్రివర్గం ఉగ్రవాదుల, నక్సలైట్ల దాడులలో అమరులైన రాష్ట్ర పోలీసుల పిల్లలకు కూడా ఏటా 500 స్కాలర్‌షిప్‌లు ఇవ్వాలని నిర్ణయించింది. మొన్న 21న పోలీసు అమరవీరుల దినాన పరేడ్ మైదానంలో ఆ కుటుంబాల పక్కన కూర్చున్నప్పుడు, మంటలు ఆర్పుతూ పోయినవాడి పిల్లలకు, దినభత్యం మీద పనిచేస్తూ పోయిన హోంగార్డు పిల్లలకు కూడా చదువు ఆగకుండా ఇంతే గట్టి ఏర్పాటు ఉండాలని నాకు అనిపించింది. ఎవరూ తీసుకోకపోతే పథకాలు పెరగవు. అర్హత ఉన్నవారు దరఖాస్తు పెట్టి, చదివి, పైకి వస్తేనే ఇంకొందరికి ఇవ్వాలన్న ఆలోచన పైవాళ్లకు వస్తుంది.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో పెట్టాలి. దాన్ని సైనిక సంక్షేమ కార్యాలయంవారు పరిశీలించి పైకి పంపుతారు. నాన్న పింఛను ఉత్తర్వు, నా గుర్తింపు కార్డు, అక్కడి అధికారి సంతకం చేయవలసిన ధ్రువపత్రం సంగతి నేను నల్లగొండ వెళ్లి చూసుకుంటాను. నీ బ్యాంకు ఖాతా నీ పేరు మీదే ఉండాలి, దానికి ఆధార్ అనుసంధానం అయి ఉండాలి. బ్యాంకుకు వెళ్లి అడిగి నిర్ధారించుకో. నీ పేరు విషయంలో మరీ జాగ్రత్త. నువ్వు పుట్టినప్పుడు నాన్న యూనిట్‌లో వేయించిన పార్ట్ టూ ఆర్డరులో, అంటే సైనికుడి కుటుంబ వివరాలు నమోదు చేసే ఉత్తర్వులో, నీ పేరులో ఇంగ్లీషు హెచ్ అక్షరం ఉండేది, పదో తరగతి మెమోలో లేదు. ఆ ఒక్క అక్షరం కోసం అఫిడవిట్ రాయించి, బెంగళూరు రికార్డు ఆఫీసుకు పంపి, సరిచేయించేసరికి నెలలు గడిచాయి. ఇప్పుడు అన్నిటిలోనూ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉంది, కాలేజీవాళ్లు రాసేటప్పుడు కూడా అలాగే రాయించు.

కాలేజీ నుంచి రావలసింది, నువ్వు అక్కడ చదువుతున్నట్టు ఇచ్చే బోనఫైడ్ ధ్రువపత్రం ఒక్కటే. వెబ్‌సైట్‌లో ఉన్న నమూనాలోనే ఇవ్వాలి, కాలేజీ సొంత నమూనాలో ఇస్తే తిప్పి పంపుతారు. కోర్సు పేరు, చేరిన తేదీ, కోర్సు ఎన్నేళ్లు అన్నది నింపించి, ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్ర రెండూ స్పష్టంగా పడ్డాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకో. సోమవారమే ఆఫీసులో అడుగు. బోనఫైడ్, ఇంటర్ మెమో రెండింటినీ స్కాన్ చేసి నాకు పంపించు, ఒరిజినళ్లు నీ దగ్గరే ఫైలులో పెట్టుకో. దీపావళి సెలవులకు వచ్చినప్పుడు నువ్వు మరిచిపోయిన స్వెటరు మీ చిన్నాయనతో పంపుతున్నాను.

ఇట్లు,
మీ అమ్మ.