నల్లా ఉన్నవారికి ఉచితం, లేనివారికి ట్యాంకరు బిల్లు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ నగర శివార్లలో నీళ్ల ట్యాంకర్ల బుకింగులు పెరిగాయని, వేసవి ముదిరేలోగా మరిన్ని ట్యాంకర్లు, నీళ్లు నింపే కేంద్రాలు సిద్ధం చేస్తున్నారని పోయిన వారం మీ పత్రికలో వార్త వచ్చింది. అధికారులు చెప్పింది చెప్పినట్టే అచ్చు వేశారు. ట్యాంకర్లు పెరగడమంటే ఏర్పాట్లు సక్రమంగా ఉన్నట్టేనన్న ధోరణిలో సాగింది ఆ వార్త. చదివినప్పటి నుంచీ కోపం తగ్గలేదు. ఒక మహానగరంలో వేల కుటుంబాలు లారీ ఎక్కి వచ్చే నీటితో బతకడం వైఫల్యం. దాన్ని వైఫల్యమనే రాయాలి.

మా అపార్ట్‌మెంటు సంఘం ఖాతాలు చూసేది నేనే. బ్యాంకులో పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి లెక్కలు నాకు అప్పగించారు. త్వరలోనే మంచినీటి లైను వస్తుందని చెప్పి బిల్డరు ఫ్లాట్లు అమ్ముకుని వెళ్లిపోయాడు. లైను రాలేదు. శివరాత్రి దాటేసరికి బోరు నురుగు కక్కుతుంది, ఆ తర్వాత తొలకరి వరకు సంపు నిండాలంటే ట్యాంకరే గతి. నెలవారీ మెయింటెనెన్సులో సగానికి పైగా నీళ్లకే పోతోంది.

ఇక అసలు లెక్క చెబుతాను. 2021 జనవరి నుంచి హైదరాబాద్‌లో నల్లా కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటికీ నెలకు 20,000 లీటర్లు ఉచితం. అపార్ట్‌మెంటులో అయితే ఫ్లాటుకు అంత. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 166 లీటర్లు వస్తాయి. మహానగరాల్లో మనిషికి రోజుకు 150 లీటర్లు సరఫరా చేయాలన్నది కేంద్రం పెట్టుకున్న ప్రమాణం. అంటే ఉచితంగా ఇస్తున్నది ఆ ప్రమాణం కంటే ఎక్కువ. నల్లా లేని ఇల్లు అదే 20,000 లీటర్లు కావాలంటే నగర నీటి సరఫరా సంస్థ అయిన జలమండలి ట్యాంకరుకే 5,000 లీటర్లకు 500 చొప్పున రెండు వేల రూపాయలు కట్టాలి. అది దొరకక ప్రైవేటు ట్యాంకరు పిలిస్తే ఎండాకాలంలో అంతకు రెట్టింపు. ఒకే నగరం, ఒకే కృష్ణా గోదావరి నీళ్లు. ఒక ఇంటికి సున్నా, ఇంకో ఇంటికి రెండు వేల నుంచి నాలుగు వేలు. ఈ తేడాకు ఆదాయంతో సంబంధం లేదు. బంజారాహిల్స్‌లో తోట ఉన్న బంగళాకు ఉచితం వర్తిస్తుంది. శివారులో రెండు గదులు అద్దెకు తీసుకున్న ఆటో డ్రైవరు డ్రమ్ముకు ఇంత అని కొనుక్కుంటాడు. పేదల కోసం పెట్టామన్న పథకం ఇలాగా ఉండేది?

ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా గుర్తు చేసుకోవాలి. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులని వానాకాలంలో మీరే రోజూ రాస్తారు. నగరం సుమారు 1,700 అడుగుల ఎత్తున ఉంది. వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, అంచెలంచెలుగా ఎత్తిపోసి తెస్తున్నాం. ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు ఇంకా దూరం, 180 కిలోమీటర్లకు పైమాటే. ప్రతి బిందె వెనకా కరెంటు బిల్లు ఉంది. వినియోగదారుడు కట్టకపోతే ఆ ఖర్చు మాయమవదు. కొత్త కాలనీలకు లైన్లు వేయవలసిన డబ్బు అటు పోతుంది, నిధులు లేవన్న మాట మాలాంటి వాళ్లు వినవలసి వస్తుంది. పాత లైన్ల లీకేజీలు సరిచేయడానికీ నిధులుండవు. ఉచితానికి మూల్యం మేమే కడుతున్నాం, ట్యాంకరు యజమానికి.

నీటికి ధర పెట్టమంటే పేదల నోరు కొట్టమన్నట్టేనని వాదించేవారున్నారు. కానే కాదు. దక్షిణాఫ్రికా 2001లో ప్రతి కుటుంబానికి కనీస నీరు ఉచితంగా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు నెలకు 6,000 లీటర్లు పెట్టింది, ఆపైన వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగేలా శ్లాబులు ఉంటాయి. మనం అంతకన్నా ఉదారంగా పదివేలు ఇద్దాం, బస్తీలకు పూర్తిగా ఇద్దాం. ఆపైన ప్రతి వెయ్యి లీటర్లకూ ధర ఉండాలి. కార్లు కడిగేవారు, పచ్చిక తడిపేవారు అసలు ఖర్చు భరించాలి. అలా వచ్చిన ప్రతి రూపాయీ విడి ఖాతాలో వేసి, లైను లేని కాలనీలకే ఖర్చు చేయాలి. ఇది ఎన్నికల మ్యానిఫెస్టోలో రాయడానికి ఏ పార్టీకీ ధైర్యం లేదు. 2020 బల్దియా (నగర పాలక సంస్థ) ఎన్నికల ముందు ఇచ్చిన ఉచిత నీటి హామీని ఆ తర్వాత వచ్చినవారూ ముట్టుకోలేదు. ఓట్లు నల్లా ఉన్న ఇళ్లలోనే ఉంటాయనుకుంటున్నారేమో, శివార్లలోనూ ఓటర్లున్నారు.

ప్రైవేటు ట్యాంకర్లలోని నీరు ఎవరిది? చుట్టుపక్కల గ్రామాల పొలాల్లో వేసిన బోర్లది. భూమి ఎవరిదైతే దాని కింది నీరు వారిదేనన్న భావన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి వస్తున్నది. ఒక గుంట భూమి ఉన్నవాడు ఊరందరి భూగర్భ జలాన్ని రాత్రింబవళ్లు తోడి అమ్ముకుంటే, పక్క రైతు బోరు ఎండిపోతుంది. అతనికి నష్టపరిహారం లేదు, తోడినవాడికి నీటి ఖరీదూ లేదు. డీజిలు, డ్రైవరు జీతం తప్ప ముడిసరుకుకు పైసా పెట్టనక్కర లేని వ్యాపారం అది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం బోర్లకు నమోదు, అనుమతి ఉండాలి. ఆ చట్టం ఉందన్న సంగతి మా వైపు రాత్రిపూట వరుసకట్టే ట్యాంకర్లను చూస్తే తెలియదు. బెంగళూరులో 2024 మార్చిలో కరువు ముంచుకొచ్చినప్పుడు అక్కడి యంత్రాంగం ప్రైవేటు ట్యాంకర్లకు లీటర్లను బట్టి, దూరాన్ని బట్టి ధరలు కట్టడి చేసింది. తాగునీటితో వాహనాలు కడిగినా, భవనాలు కట్టినా 5,000 రూపాయల జరిమానా అన్నది. అది ఆలస్యంగా చేసిన పనే, కానీ చేసింది. మనం ఆ స్థితి వచ్చేదాకా ఆగవలసిన అవసరం ఏమిటి? మా వీధి చివర ఆకాశానికి లేస్తున్న టవర్ల నిర్మాణానికి శుద్ధి చేసిన మురుగునీరు వాడమని ఆదేశించడానికి అడ్డేమిటి?

చౌకగా వచ్చే నీటి విషయంలో చేసింది మరీ బాధాకరం. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో మొదలైన పనుల ఫలితం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఒకటి 1920లో, మరొకటి 1927లో పూర్తయ్యాయి. నీరు పల్లానికి తనంతట తానే నగరంలోకి దిగేలా కట్టారు, పంపులతో నిమిత్తం లేదు. ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో జీవో 111 వచ్చింది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలను తొలగించడానికే పూనుకున్నారు. రెండు నదుల నుంచి వేల కోట్లతో నీరు మోసుకొస్తూ, ఇంటి ముంగిటి నీటిని రియల్ ఎస్టేటుకు వదులుకోవాలనే ఆలోచన ఏ లెక్కలో లాభమో నాకు అర్థం కాలేదు. ఆనాటి ఇంజనీర్లు వందేళ్ల ముందుకు చూశారు. ఇప్పటివారి చూపు వచ్చే ఎన్నికలను దాటడం లేదు.

నగరవాసులు నీటి కొరత అనగానే వరి వేసే రైతును నిందించడం కూడా చూస్తున్నాను. వ్యవసాయానికే ఎక్కువ నీరు పోతుందన్నది నిజమే. ఉచిత కరెంటు ఉన్నంతకాలం మోటారు ఆపితే రైతుకు ఒరిగేదేమీ లేదు. పంజాబ్ 2018లో మొదలుపెట్టిన పథకంలో కేటాయించిన కరెంటులో రైతు మిగిల్చిన ప్రతి యూనిట్‌కూ నాలుగు రూపాయలు అతని ఖాతాలో వేశారు. ఉచితం తీసేయకుండానే పొదుపుకు విలువ కట్టే మార్గం అది. మన దగ్గర ఒక మండలంలోనైనా ప్రయత్నించవచ్చు. అయితే రైతుకు సుద్దులు చెప్పే ముందు, మనిషికి రోజుకు 166 లీటర్లు ఉచితంగా వాడుకునే నగరవాసులు తమ మీటరు వైపు చూడాలి.

మీ విలేఖరులకు నా విన్నపం ఒకటే. ట్యాంకర్లు ఎన్ని పెంచుతున్నారన్న ప్రకటన ఈసారి వచ్చినప్పుడు, నిరుడు లైను లేని కాలనీలు ఎన్ని, ఈ ఏడాది ఎన్ని, మధ్యలో ఎన్ని కిలోమీటర్ల పైపు వేశారు అని అడిగి, ఆ అంకెలు కూడా పక్కనే వేయండి. జవాబు చెప్పకపోతే చెప్పలేదని వేయండి.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని, హైదరాబాద్