పాత స్పోర్ట్స్ కారు కొనేవారికి కావలసిన సమాచారం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రికలోని వాహనాల పేజీని చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. కొత్త స్పోర్ట్స్ కారు విడుదలైనప్పుడల్లా అది గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంటుందో, ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్ ఇస్తుందో అందులో వివరంగా రాస్తారు. అయితే ఇలాంటి కారు మీద మనసుపడిన యువతీయువకుల్లో చాలామందికి కొత్తది కొనే స్తోమత ఉండదు. వాళ్లు మొదట కొనేది ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారి, పదేళ్లో పదిహేనేళ్లో తిరిగిన కారు. ఆ కొనుగోలుకు పనికివచ్చే సమాచారం మాత్రం పత్రికల్లో అరుదుగా కనిపిస్తుంది. మిత్రులు, వాళ్ల పిల్లలు ఇలాంటి కార్లు చూడబోతూ నన్ను తోడు తీసుకెళ్తుంటారు. ఆ పరిచయంతో, ఈ లోటును మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

కారు పాతబడే కొద్దీ దాని అమ్మకపు ధర తగ్గుతుంది కానీ, విడిభాగాల ధర, దాన్ని విప్పి బిగించే పని ఖర్చు ఆ మేరకు తగ్గవు. కొత్తగా ఉన్నప్పుడు ఖరీదైన కారు పాతదయ్యాక కూడా ఖరీదైన బ్రేకులనే, ఖరీదైన టైర్లనే అడుగుతుంది. 1994 నుంచి 1999 వరకు తయారైన ఫెరారీ ఎఫ్355నే తీసుకోండి. ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా చేసే దాని టైమింగ్ బెల్టులు మార్చాలంటే ఇంజన్‌ను కారులోంచి పూర్తిగా కిందికి దించాలి. అది ప్రమాదంలోనో లోపం వల్లనో వచ్చిన మరమ్మతు కాదు, క్రమం తప్పకుండా చేయించవలసిన మామూలు సర్వీసు. ఇంతటి కారును మొదటి కొనుగోలుగా ఎంచుకునేవారు తక్కువే అయినా, చిన్న కార్లకూ వర్తించే సూత్రం ఇదే. చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టినవారికి మొదటి ఏడాదిలోనే క్లచ్, టైర్లు, సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు ఒకదాని వెంట ఒకటి మార్చవలసి వస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అనుకున్న మొత్తంలో కనీసం ఐదో వంతు పక్కన పెట్టి, మిగిలిన దానిలో దొరికే కారునే చూడమని నన్ను అడిగినవారికి చెబుతుంటాను. ఇన్సూరెన్స్ ప్రీమియం ఎంత అవుతుందో కూడా బయానా ఇవ్వకముందే కనుక్కోవాలి. చిన్న వయసువారికి, శక్తిమంతమైన కార్లకు అది ఊహించనంత ఎక్కువగా ఉండవచ్చు.

ఇక ఏ కారు కొనాలన్నది. మొదటిసారి కొనేవారికి బరువు తక్కువగా, శక్తి మితంగా ఉన్న కారే మేలన్నది నా స్థిరమైన అభిప్రాయం. 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 మియాటాలో ఉన్నది 1.6 లీటర్ల చిన్న ఇంజన్, దాని శక్తి సుమారు 115 హార్స్‌పవర్. బరువు దాదాపు టన్ను లోపే కనుక ఆ కొద్దిపాటి శక్తితోనే అది మలుపుల్లో ఎంతో ఉత్సాహంగా పరుగెడుతుంది. 2016 నాటికి ఈ వరుసలో 10 లక్షల కార్లు తయారయ్యాయి. అంత పెద్ద సంఖ్యలో కార్లు ఉన్నందువల్ల విడిభాగాలు దొరుకుతాయి, వాటి గుణదోషాలు తెలిసిన మెకానిక్‌లూ దొరుకుతారు. 2012లో వచ్చిన టయోటా 86, దాని జంట అయిన సుబారు బీఆర్‌జెడ్ కూడా ఈ కోవలోవే. ఇంజన్ ముందు, దాని శక్తి అందుకుని కారును నడిపే చక్రాలు వెనుక, రెండు లీటర్ల ఇంజన్‌కు 200 హార్స్‌పవర్ శక్తి. ఇలాంటి కార్లలో నడిపేవారు తప్పు చేస్తే దాన్ని తెలుసుకుని సర్దుకునే వ్యవధి ఉంటుంది.

ఇంజన్‌ను వెనుక ఇరుసుకు ఆవల మోసే పోర్షే 911 పాత నమూనాల సంగతి వేరు. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి ఒక్కసారిగా కాలు తీస్తే బరువు ముందుకు మళ్లి, వెనుక టైర్ల పట్టు సడలి, కారు తోక బయటికి విసిరినట్టు తిరుగుతుంది. సీట్ల వెనుక, ఇరుసుకు ముందు ఇంజన్ ఉండే టయోటా ఎంఆర్2 వంటి కార్లలో బరువంతా మధ్యనే పోగై ఉంటుంది కాబట్టి అవి చురుకుగా మలుపు తిరుగుతాయి, పట్టు తప్పితే అంతే చురుకుగా గిర్రున తిరిగిపోతాయి. కారు అదుపు తప్పుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి నిలబెట్టే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడల్ కార్ల నుంచి, ఐరోపాలో 2014 చివరి నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. 1990లలోని స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి అది లేదు. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా కొన్నింటికి ఉండదు. కొత్త డ్రైవరు చేతికి తాళం ఇచ్చే పెద్దలు ఈ ఒక్క విషయమైనా అడిగి తెలుసుకోవాలని కోరుతున్నాను.

కారు నమూనా తేలిన తరువాత, ఆ నమూనాకు పుట్టుకతో వచ్చిన బలహీనత ఏమిటో తెలుసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ప్రతి స్పోర్ట్స్ కారుకూ ఇలాంటిది ఒకటైనా ఉంటుంది. అమ్మేవారు దాన్ని తమంతట తాము చెప్పరు. మాజ్డా ఆర్‌ఎక్స్-8లో పిస్టన్లు ఉండవు, దానిది రోటరీ ఇంజన్. తిరిగే రోటర్ కొసల్లో ఉండే సీళ్లకు తడి అందించడానికి అది కొద్దికొద్దిగా ఇంజన్ ఆయిల్‌ను కావాలనే కాలుస్తుంది. కాబట్టి ఆయిల్ మట్టాన్ని తరచూ చూసి నింపుకోవాలి. ఆ సంగతి తెలియని యజమాని చేతిలో ఆ సీళ్లు అరిగి, కంప్రెషన్ (ఇంజన్ లోపలి ఒత్తిడి) పడిపోయి, వేడెక్కిన ఇంజన్ ఆపాక మళ్లీ స్టార్ట్ కావడానికి మొండికేస్తుంది. మామూలు కంప్రెషన్ గేజితో దీన్ని సరిగా కొలవలేరు, రోటరీ ఇంజన్లకు వేరే పరికరం ఉంటుంది. అందువల్ల ఈ కారు చూడబోయేవారు అమ్మేవారి ఎదుట ఒకసారి బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, కొద్ది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేసి చూడాలి. స్టార్టరు సాగదీస్తుంటే, ఆ పరికరంతో కొలిచిన రిపోర్టు చేతికి వచ్చేదాకా ధర మాట కూడా ఎత్తకూడదు.

1990ల చివరి నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన పోర్షే బాక్స్‌స్టర్, 911 కార్లలో చాలావాటికి ఇంజన్ లోపల తిరిగే ఇంటర్మీడియెట్ షాఫ్టు అనే కడ్డీని మోసే బేరింగు బలహీనమైన భాగం. అది అన్ని కార్లలోనూ విరగదు. విరిగితే మాత్రం దాని లోహపు ముక్కలు ఆయిల్‌తో పాటు ప్రయాణించి ఇంజన్ మొత్తాన్నీ పాడుచేయగలవు. ఆ బేరింగు మార్చారా, మార్చినట్టు బిల్లు ఉందా, ఆయిల్ ఫిల్టర్‌ను కోసి లోహపు పొట్టు ఉందేమో చూశారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. ఈ46 శ్రేణి బీఎండబ్ల్యూ ఎం3లో వెనుక సస్పెన్షన్‌ను మోసే చట్రాన్ని, అంటే సబ్‌ఫ్రేమ్‌ను, బాడీకి బిగించే చోట రేకు పగుళ్లు రావడం తెలిసిన సమస్య. కారును లిఫ్టు మీదికి ఎత్తి, దీపం వేసి చూస్తే తప్ప అది కనబడదు. రోడ్డు మీద నిలబెట్టి చుట్టూ తిరిగి చూసినంత మాత్రాన తెలిసేది పైన పటారమే.

చూడటానికి వెళ్లేముందే, ఇంజన్‌ను చల్లగా ఉంచమని అమ్మేవారికి చెప్పాలి. వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే, ఏదో దాచడానికే ముందుగా స్టార్ట్ చేసి ఉంచారేమోనని అనుమానించవలసిందే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే ఇంజన్ పై భాగానికి, కింది భాగానికి మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ అనే సీలు దగ్గర లోపం ఉండవచ్చని, నల్లటి పొగ ఇంధనం ఎక్కువగా మండుతున్నదానికి గుర్తని అనుభవజ్ఞులైన మెకానిక్‌లు చెబుతారు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్ అయితే దాన్ని ఎప్పుడు మార్చారో బిల్లుతో సహా చూపించమనాలి. చాలా ఇంజన్లలో ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

నడిపి చూసేటప్పుడు గేరు బాక్సు ఇంకా చల్లగా ఉండగానే మూడో గేరు నుంచి రెండో గేరులోకి మార్చి చూడాలి. గరగరమంటే గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రోనైజర్ రింగులు అరిగినట్టే. పై గేరులో మెల్లగా వెళుతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ తిరిగే వేగం పెరిగి, కారు వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందని అర్థం. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 3519 అని ఉంటే అది 2019లో 35వ వారంలో తయారైన టైరు. గాడి బాగున్నా, రబ్బరు పదేళ్లదైతే స్పోర్ట్స్ కారుకు అది పనికిరాదు. నాలుగు చక్రాలకూ వేర్వేరు కంపెనీల చౌక టైర్లు వేసిన యజమాని, కంటికి కనిపించని చోట ఎంత ఖర్చు పెట్టి ఉంటాడో ఊహించుకోవచ్చు. టైరు ఒక వైపే అరిగితే అలైన్‌మెంట్ తప్పడమో, ఎక్కడో తగిలి సస్పెన్షన్ వంగడమో జరిగి ఉంటుంది. ఫ్యాక్టరీ రంగు మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. రంగు మందం కొలిచే చిన్న పరికరంతో తలుపులు, బానెట్, వెనుక పక్కలు వరుసగా కొలిస్తే, ఒకచోట మాత్రమే దానికి ఎన్నో రెట్లు చూపించిందంటే లోపల దెబ్బను పూడ్చిన పుట్టీ ఉందని తెలిసిపోతుంది.

తక్కువ కిలోమీటర్లు తిరిగిన కారే మంచిదన్న నమ్మకం బలంగా ఉంది. నేను దానితో ఏకీభవించను. ఏళ్ల తరబడి షెడ్డులో కదలకుండా నిలిచిన కారులో సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోలు చెడిపోతుంది, బ్రేకు డిస్కులకు తుప్పు పడుతుంది. గాలిలోని తేమను పీల్చుకునే గుణమున్న బ్రేకు ఫ్లూయిడ్, రెండేళ్లకోసారి మార్చకపోతే బలహీనపడుతుంది. క్రమంగా నడిపి, క్రమంగా సర్వీసు చేయించిన కారు ఎక్కువ కిలోమీటర్లు తిరిగినా నేను దాన్నే ఎంచుకోమంటాను. పైగా ఓడోమీటర్ అంకెలు మార్చే మోసం ఉండనే ఉంది. సర్వీసు బిల్లుల మీద తేదీలతో పాటు రాసిన కిలోమీటర్లు క్రమంగా పెరుగుతూ వచ్చాయో లేదో చూస్తే అది చాలావరకు బయటపడుతుంది. మార్పులు చేసిన కార్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. టర్బో ఒత్తిడి పెంచి, కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి, స్ప్రింగులు కోసి ఎత్తు తగ్గించిన కారును ఎవరు, ఎంత నేర్పుతో చేశారో తెలియకుండా కొనడం ప్రమాదకరం. తీసేసిన అసలు భాగాలను కూడా దాచి ఉంచి కారుతో పాటు ఇచ్చే యజమాని దొరికితే, అతను పద్ధతి కలిగినవాడని అనుకోవచ్చు.

కాగితాల సంగతి క్లుప్తంగానే చెబుతాను. ఛాసిస్ మీద చెక్కిన 17 అక్షరాల గుర్తింపు సంఖ్య, రిజిస్ట్రేషన్ పత్రంలోని సంఖ్య అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా ఉండాలి. కారు మీద తీరని అప్పు ఉండకూడదు. చివరిగా, ఆ నమూనా గురించి బాగా తెలిసిన, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు ఫీజు ఇచ్చి కారును లిఫ్టు మీద చూపించాలి. దానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, కారు ఎంత ముచ్చటగా ఉన్నా అక్కడి నుంచి వెనుదిరగడమే మంచిది.

ఇవన్నీ ఒక్క లేఖలో ఇమిడే విషయాలు కావని నాకు తెలుసు. అందుకే మీకు ఒక విన్నపం. వాహనాల పేజీలో నెలకు ఒక్కసారైనా ఒక పాత స్పోర్ట్స్ కారు నమూనాను తీసుకుని, దానికి తెలిసిన లోపాలేమిటి, వాటిని ఎలా పరీక్షించాలి, ఏ సంవత్సరంలో ఏ భాగాన్ని మెరుగుపరిచారు, ఏడాదికి సర్వీసుకు ఏమేం మార్చవలసి వస్తుంది అన్నవి ఆ కార్లను నిత్యం విప్పి బిగించే మెకానిక్‌ల చేత చెప్పించి ప్రచురించండి. కొత్త కార్ల సమీక్షల్లోనూ హార్స్‌పవర్ పక్కన కారు బరువు, టైర్ల కొలత, పెద్ద సర్వీసుకు పట్టే పని గంటలు కూడా ఇస్తే, పదేళ్ల తరువాత అదే కారును కొనేవారికి ఆ సమీక్ష ఉపయోగపడుతుంది. వరుసను రోటరీ ఇంజన్ కార్లతో మొదలుపెడితే బాగుంటుందని నా సూచన. అజాగ్రత్త వల్ల ఎక్కువగా నష్టపోయేది వాటిని తెలియక కొన్నవారే. నేను తయారుచేసుకున్న తనిఖీ పట్టీ మీకు పనికివస్తుందనుకుంటే సంతోషంగా పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు